గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో దేవుళ్ల బాకీ ఎవరు తీర్చారు?

ప్రశ్న: లాసన్స్ బే

గేమ్ ఆఫ్ థ్రోన్స్ టీవీ సీరియల్ చివరి ఎపిసోడ్ మనకు 2019 మే 20, సోమవారం ఉదయం ఆరున్నరకు వచ్చింది. ఆ రోజు చూసి, విసుగుతో పక్కన పెట్టి, మళ్లీ చాలాకాలం దాని జోలికి పోలేదు. ఈ మధ్య మా చెల్లెలు మొదటిసారి చూస్తానంటే ఆమె పక్కన కూర్చుని 73 ఎపిసోడ్లూ వరుసగా చూశాను. అప్పట్లో నా కోపమంతా డ్రాగన్ల రాణి డెనెరిస్ నగరాన్ని తగలబెట్టడం మీద, స్టార్క్ వంశపు కుర్రవాడు బ్రాన్‌కు పట్టం కట్టడం మీద ఉండేది. ఈసారి ఆ రెండూ అంతగా బాధించలేదు కానీ, ఎనిమిదో సీజన్ మూడో ఎపిసోడ్ ముగియగానే మా చెల్లెలు అడిగిన ఒక్క ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది: "అన్నయ్యా, మరి షిరీన్‌ని ఎందుకు కాల్చినట్టు?"

ఆ ప్రశ్ననే ఇక్కడ పెద్దల ముందు, మిత్రుల ముందు ఉంచుతున్నాను. ఈ కథలో దేవుళ్లు చాలామంది ఉన్నారు. ఉత్తరాన చెట్లలో ఉండే పాత దేవుళ్లు, దక్షిణాన ఏడు ముఖాల దేవుడు, ద్వీపాల వాళ్లకు సముద్రంలో మునిగిన దేవుడు, బ్రావోస్‌లో మృత్యువుకు మరో పేరైన బహుముఖ దేవుడు, వీళ్లందరికీ తోడు ఎర్ర దుస్తుల పూజారిణి మెలిసాండ్రే వెంట తెచ్చిన వెలుగు దేవుడు. మిగిలిన వాళ్ల సంగతి భక్తుల నమ్మకమని సరిపెట్టుకోవచ్చు. వెలుగు దేవుడి విషయంలో ఆ వీలు లేదు, ఎందుకంటే ఆ దేవుడి శక్తి నిజమని కథే మనకు పదే పదే చూపించింది. మెలిసాండ్రే కన్న నీడ, సింహాసనం కోసం పోటీపడ్డ రెన్లీని చంపింది. ఆ దేవుడి భక్తుడైన యోధుడు బెరిక్ ఆరుసార్లు చచ్చి బతికాడు. కత్తిపోట్లతో చనిపోయిన, ఉత్తరపు మంచుగోడ కాపలాదళ నాయకుడు జాన్ స్నో ఆరో సీజన్ రెండో ఎపిసోడ్‌లో కళ్లు తెరిచాడు. ఏ దేవుణ్నీ నమ్మని యోధుడు హౌండ్‌కు సైతం ఏడో సీజన్ మొదట్లో మంటల్లో దృశ్యం కనబడింది. ఇన్ని నిదర్శనాలు చూపించాక, ఐదో సీజన్‌లో సింహాసనం కోరిన స్టానిస్ తన కన్నకూతురు షిరీన్‌ను అదే దేవుడికి ఆహుతి ఇచ్చాడు. మరునాటికి మంచు కరిగింది, దారి తెరుచుకుంది, కానీ సగం సైన్యం గుర్రాలతో సహా వెళ్లిపోయింది, భార్య ఉరి వేసుకుంది, సాయంత్రానికి ఆయన ఓడి చనిపోయాడు. అది ఎలాంటి బేరం?

సింహాద్రి అప్పన్న నీడలో పెరిగిన వాళ్లం కనుక మనకు వరం అంటే ఒక పద్ధతి తెలుసు. పగలూ రాత్రీ కాకుండా, ఇంటా బయటా కాకుండా, మనిషి చేతా మృగం చేతా కాకుండా అని హిరణ్యకశిపుడు ఎంత గట్టిగా షరతులు పెట్టుకున్నా, స్వామి వాటిలో ఒక్కదాన్ని కూడా మీరకుండా, సంధ్యవేళ, గడప మీద, సింహం ముఖంతో వచ్చి వాణ్ని చంపాడు. ఇచ్చిన మాటను దేవుడు కూడా దాటడు అన్న నియమం వల్లనే ఆ కథకు అంత బలం. ఆ ఏడాది చందనోత్సవం మే 7న, అంటే బల్ల మీద కాఫీ కప్పు మర్చిపోయిన ఆ నాలుగో ఎపిసోడ్ మనకు వచ్చిన మరునాడు పడింది. క్యూలో నిలబడి నేనూ మా మిత్రుడూ దాని గురించే మాట్లాడుకున్నాం. ఏడాది పొడవునా చందనం కింద ఉండే స్వామి ఆ ఒక్కరోజైనా నిజరూపం చూపిస్తాడు కదా, ఈ వెలుగు దేవుడు మాత్రం మిగిలిన రెండు ఎపిసోడ్లలోనైనా చూపిస్తాడా అని ఆశపడ్డాం. చూపించలేదు.

మెలిసాండ్రేను జాన్ ఉత్తరం నుంచి వెళ్లగొట్టాడని, చివరికి ఆమె తానే మంచులోకి నడిచి వెళ్లి ప్రాణం విడిచిందని నాకు తెలుసు. అది పూజారిణి వైపు లెక్క. దేవుడి వైపు లెక్క తేల్చకపోవడం రచనలో లోపమా, లేక నేనే కథను మన పురాణాల కొలతతో కొలిచి పొరబడుతున్నానా?


సమాధానం: బురుజుపేట

లాసన్స్ బే గారూ, మీరు చివరి వాక్యంలో అనుమానించినట్టే, కొలత దగ్గరే పొరపాటు జరిగిందని నా అభిప్రాయం. హిరణ్యకశిపుడితో బ్రహ్మ స్వయంగా మాట్లాడాడు. షరతులు ఇద్దరికీ తెలుసు. ఇక్కడ వెలుగు దేవుడు ఎనిమిది సీజన్లలో ఒక్కసారైనా ఒక్క మాటైనా మాట్లాడలేదు. మాట్లాడిందంతా ఆ దేవుడి పూజారులు, మెలిసాండ్రే, థోరోస్, కిన్వారా. అద్భుతం జరిగిన మాట నిజమే, కానీ దానికి అర్థం చెప్పింది మాత్రం ఎప్పుడూ మనుషులే. స్టానిస్ మంత్రి డావోస్, షిరీన్ విషయమై నిలదీసినప్పుడు మెలిసాండ్రే తాను అబద్ధం చెప్పలేదని, పొరపాటు పడ్డానని ఒప్పుకుంటుంది. ప్రాణం తిరిగి వచ్చిన జాన్‌ను అవతల ఏం చూశావని అడిగితే ఏమీ లేదని చెబుతాడు. ప్రాణం పోసిన దేవుడు ఎందుకు పోశాడో చెప్పకపోవడం ఈ కథలో అన్నిటికన్నా భయం పుట్టించే విషయం, దాన్ని నేను లోపం అనలేను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడిన మర్నాడు మా వీధిలో విన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. పైకప్పు నిలిచిన ఇంటివాళ్లు కనకమహాలక్ష్మి అమ్మవారే కాపాడిందన్నారు. రేకులు ఎగిరిపోయిన ఇంటి ముసలామె, ప్రాణాలు దక్కాయి కనుక అమ్మవారే కాపాడిందని అన్నది. ఆ పక్కింటాయన మాత్రం అమ్మవారికి కోపం వచ్చింది కాబట్టే ఇంత జరిగిందన్నాడు. అమ్మవారు ఎప్పటిలాగే పైకప్పు లేని గర్భగుడిలో, ఎండకూ వానకూ ఎదురుగా, వచ్చిన ప్రతివాళ్ల చేతా పసుపు కుంకుమలు పెట్టించుకుంటూ కూర్చుని ఉంది. గాలి ఒక్కటే, అర్థాలు మూడు. షిరీన్ చితి దగ్గర జరిగింది కూడా నాకు అలాగే కనిపిస్తుంది. మంచు కరిగింది, ఆ కరగడానికి ఆ పాప ప్రాణమే కారణమని చెప్పింది మెలిసాండ్రే, నమ్మింది స్టానిస్. దేవుడు సంతకం పెట్టిన పత్రం ఎక్కడా లేదు. కాబట్టి మీ చెల్లెలు గారి ప్రశ్నకు నా జవాబు ఒక్కటే: ఒక తండ్రి రాజు కావాలనుకున్నాడు కనుక కాల్చాడు.

అయితే ఎనిమిదో సీజన్‌ను నేను సమర్థించడం లేదు. అంతవరకూ మౌనంగా ఉంచిన దేవుణ్ని ఆ మూడో ఎపిసోడ్‌లో హఠాత్తుగా పథకం వేసినవాడిగా మార్చేశారు. బ్రాన్ అక్క ఆర్యాను కాపాడి బెరిక్ చనిపోగానే, ఆయన్ను దేవుడు బతికించిన పని పూర్తయిందని మెలిసాండ్రే ప్రకటిస్తుంది. మూడో సీజన్‌లో ఆమె ఆర్యాతో చెప్పిన నువ్వు శాశ్వతంగా మూసే గోధుమ, నీలి, ఆకుపచ్చ కళ్లు అన్న మాటను మళ్లీ తెచ్చి, ఈసారి నీలి కళ్లను (చచ్చినవాళ్ల సైన్యాన్ని నడిపే నైట్ కింగ్ కళ్లు) చివరికి జరిపి, ఇదంతా ముందే రాసి ఉన్నట్టు నమ్మించారు. నైట్ కింగ్‌ను ఆర్యా చేత చంపించాలని సుమారు మూడేళ్ల ముందు నిర్ణయించుకున్నామని నిర్మాతలే ఆ ఎపిసోడ్ వెనుక కథ చెప్పే వీడియోలో అన్నారు. మూడో సీజన్ వచ్చింది 2013లో. అంటే ఆ జోస్యం పలికినప్పుడు దాని ఫలితం రాసినవాళ్లకే తెలియదు. లెక్క పూర్తిగా తేల్చినా ఒప్పుకునేదాన్ని, అసలు తేల్చకపోయినా ఒప్పుకునేదాన్ని. బెరిక్ ఖాతా మూసి, షిరీన్ ఖాతా తెరిచి వదిలేయడం దగ్గరే నాకు మనసు విరిగింది.


సమాధానం: రుషికొండ

ఇంత లోతుకు వెళ్లవలసిన అవసరం లేదనుకుంటాను. మొదటి ఆరు సీజన్లు పదేసి ఎపిసోడ్లు, ఏడోది ఏడు, ఎనిమిదోది ఆరు. తొందరపడ్డారు, అంతే. కిన్వారా సంగతి చూడండి: ఆరో సీజన్‌లో మీరీన్‌కు వచ్చి, చిన్నతనంలో మంత్రగాడి మంటలోంచి రాజసలహాదారు వేరిస్ విన్న గొంతు ఏం పలికిందో చెప్పమంటావా అని ఆయన్నే అడిగి, ఆయన ముఖంలో నెత్తురు లేకుండా చేసిన మనిషి, ఆ తర్వాత మళ్లీ కనబడలేదు. ఆ గొంతు ఏం చెప్పిందో మనకూ తెలియలేదు. ఇంకో పది ఎపిసోడ్లు ఉండి ఉంటే దేవుళ్లకూ చోటు దొరికేది. చివరి సీజన్‌ను మళ్లీ తీయమని పది లక్షల మందికి పైగా సంతకాలు చేశారంటే, వాళ్లందరూ వేదాంతం కోసం చేయలేదు కదా.


సమాధానం: ఉక్కునగరం

రాత్రి షిఫ్టు దిగి, స్నానం కూడా చేయకుండా, ఆ ఆరు సోమవారాలూ ఫోన్‌లో ఈ సీరియల్ చూసినవాణ్ని. (మూడో ఎపిసోడ్ మొత్తం చీకటే కావడంతో కిటికీలకు దుప్పట్లు కట్టి చూడవలసి వచ్చింది, ఏప్రిల్ నెలాఖరు ఉక్కలో అదొక తపస్సు.) రుషికొండ గారు చెప్పిన తొందర నిజమే, కానీ తొందర అన్నిటికీ జవాబు కాదు. ఆ తొందరలోనూ ఒక దేవుడి లెక్క మాత్రం అణాపైసలతో సహా తేలిందని, ఆ దేవుడు ఎవరో మనం గమనించలేదని నా వాదన. గెలిచింది చెట్టు, అంటే పాత దేవుళ్లు.

మొదటి నుంచీ చూడండి. నైట్ కింగ్‌ను తయారుచేసింది, మనుషుల కన్నా ముందే అక్కడ ఉన్న అడవి బిడ్డలనే జాతి. ఆరో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో ఒక మనిషిని తెల్లచెట్టుకు కట్టి, గుండెలో నల్లరాతి కత్తి దించి, వాణ్ని ఆ రూపానికి మార్చారు. అంటే లోకం మీదికి వచ్చిన ఆ ఉపద్రవం పాత దేవుళ్ల ముంగిట్లో పుట్టింది. అది అంతమైంది ఎక్కడ? స్టార్కుల కోట వింటర్‌ఫెల్ దేవవనంలో, మళ్లీ ఒక తెల్లచెట్టు కింద, ఆ చెట్ల ద్వారా గతాన్ని చూడగల బ్రాన్ కళ్ల ముందు. చంపిన కత్తిని ఆర్యాకు ఇచ్చింది ఎవరు? ఏడో సీజన్‌లో అదే చెట్టు కింద కూర్చుని బ్రాన్ ఇచ్చాడు. కత్తితో చెట్టు దగ్గర పుట్టినవాడు, చెట్టు దగ్గర చెట్టు మనిషి ఇచ్చిన కత్తితో పోయాడు. ఈ మధ్యలో వెలుగు దేవుడి వాళ్ల సంగతి ఏమిటి? థోరోస్ గోడ అవతల గడ్డకట్టి చనిపోయాడు. బెరిక్ ఆర్యాను చెట్టు వైపు పంపడం కోసం ప్రాణం ఇచ్చాడు. మెలిసాండ్రే డోత్రాకీ రౌతుల కత్తులకు నిప్పు పెట్టింది, కందకానికి నిప్పు పెట్టింది, ఆర్యాను పురికొల్పింది, తెల్లవారేసరికి ముసలిదై రాలిపోయింది. కొలిమిలో బొగ్గును ఎలా వాడతారో మా ప్లాంటులో రోజూ చూస్తాం. ఇనుము వేడెక్కేదాకా దాని అవసరం, ఆ తర్వాత మిగిలేది బూడిద. ఆ కథలో నిప్పు దేవుడి పరివారమంతా పాత దేవుళ్లు వాడుకున్న బొగ్గు. ఆఖరికి నిప్పు కక్కే డ్రాగన్ వచ్చి సింహాసనాన్ని కూడా కరిగించి, నడవలేక చక్రాల కుర్చీని వెంట తెచ్చుకున్న బ్రాన్‌కు చోటు ఖాళీ చేసి ఎగిరిపోయింది.

రాజుగా ఉండటానికి ఒప్పుకుంటావా అని, రాజుల మంత్రిగా పనిచేసిన టిరియన్ అడిగితే, అందుకే కదా ఇంత దూరం వచ్చింది అన్న ధోరణిలో బ్రాన్ బదులిస్తాడు. అప్పట్లో ఆ జవాబు విని నవ్వుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే వెన్ను జలదరిస్తుంది. ఇంకొక మాట. లాసన్స్ బే గారు షిరీన్ గురించి అడిగారు కానీ, పాత దేవుళ్లకూ ఒక షిరీన్ ఉన్నాడు, ఆయన బ్రాన్‌ను వీపున మోసిన సేవకుడు హోడోర్. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక తలుపు పట్టుకుని నిలబడాలి కనుక, బ్రాన్ గతంలోకి చూస్తున్న వేళ ఆ చిన్న కుర్రవాడి బుద్ధి మొత్తం చెదిరిపోయింది, ఆ పైన జీవితమంతా ఒక్క మాట తప్ప మరో మాట పలకలేకపోయాడు. షిరీన్‌ను కాల్చిన వాళ్లను అందరం తిట్టుకున్నాం. హోడోర్‌ను వాడుకున్నవాడికి పట్టం కట్టారు. ఎత్తైన బురుజు మీది నుంచి పడి బతికిన పిల్లవాడి కథ కన్నా గొప్ప కథ ఎవరికుంది అని టిరియన్ ఉపన్యసించినప్పుడు, ఆ పిల్లవాణ్ని వీపున మోసినవాడి ఊసే రాలేదు.

ఇదే కథ అయితే అది భయంకరమైన, గొప్ప ముగింపు. నా అసంతృప్తి ఎక్కడంటే, తీసినవాళ్లకు తాము ఏం తీశారో తెలిసినట్టు కనబడదు. కొత్త రాజు సభకు వచ్చి, డ్రాగన్ ఎక్కడుందో నేను వెతుకుతానని చెప్పి వెళ్లిపోతాడు, మిగిలిన మంత్రులు మురుగు కాలువల గురించి, సానికొంపల గురించి హాస్యాలాడుకుంటారు. అన్నీ చూడగల, ఏమీ అనిపించని రాజు ఒకడు తలమీద కూర్చున్నాడన్న భయం ఆ గదిలో ఒక్కరికీ లేదు.


సమాధానం: భీమిలి

పిల్లలు మంచి చర్చ చేస్తున్నారు. నేను నవలలు చదివినవాణ్ని, సీరియల్ మా మనవడి పుణ్యాన తర్వాత చూశాను, కనుక రెండు మాటలు.

ఈ సీరియల్‌కు మూలమైన జార్జ్ మార్టిన్ నవలల్లో 1996 నుంచి 2011 వరకు ఐదు వచ్చాయి, ఆరోది ఇంకా రాలేదు. ఐదో పుస్తకం ముగిసేసరికి షిరీన్ బతికే ఉంది, జాన్ మంచులో కత్తిపోట్లతో పడి ఉన్నాడు. అయితే వెలుగు దేవుడి లెక్క ఎలా నడుస్తుందో మూడో, నాలుగో పుస్తకాల్లో ఒక ఆనవాలు ఉంది, దాన్ని సీరియల్ వాళ్లు వదిలేశారు. పుస్తకంలో బెరిక్ తన చివరి ప్రాణాన్ని, నదిలోంచి తీసిన, ఆర్యా తల్లి కేట్లిన్ స్టార్క్ శవానికి ఇచ్చేసి తాను చనిపోతాడు. లేచినది మునుపటి కేట్లిన్ కాదు, పగ తప్ప మరేమీ మిగలని ఒక ఆకారం. ప్రాణానికి ప్రాణం చెల్లించాలి, వచ్చిన ప్రాణం కూడా చిరిగే వస్తుంది. సీరియల్‌లో బెరిక్ తాను లేచిన ప్రతిసారీ కొంత తరిగిపోతున్నానని చెబుతాడు. జాన్ మాత్రం జుట్టు ముడి వేసుకుని మునుపటిలాగే లేచి తిరిగాడు. లాసన్స్ బే గారు వెతుకుతున్న బాకీ పుస్తకం ఆ ఒక్క చోట పోయింది. దేవుళ్లు కథలోకి స్వయంగా దిగివచ్చే అవకాశం లేదన్న అర్థంలో మార్టిన్ ఇదివరకే చెప్పి ఉన్నారు కనుక, ఆ విషయంలో బురుజుపేట గారి వాదనకు బలం ఉంది.

రెండో మాట. చేదు ముగింపు మనవాళ్లకు కొత్త కాదు. తిక్కన గారి భారతం స్త్రీపర్వంలో, నూరుగురు కొడుకుల శవాల మధ్య నిలబడి గాంధారి కృష్ణుణ్ని శపిస్తుంది. ఆపగలిగి ఉండి ఆపలేదు గనుక, ముప్పై ఆరేళ్లకు నీ వాళ్లు కూడా ఒకరినొకరు చంపుకుంటారని, నువ్వు దిక్కులేని చావు చస్తావని ఆమె అంటే, కృష్ణుడు కాదనలేదు. మౌసలపర్వంలో సరిగ్గా అలాగే జరిగింది, దేవుడు చెట్టు కింద పడుకుని వేటగాడి బాణానికి ఒరిగాడు. కృష్ణుడు యుద్ధం ఎందుకు ఆపలేదో భారతం పూర్తిగా వివరించిందా అంటే లేదు, ఆ ప్రశ్న ఇప్పటికీ ఉంది. కాని ఒక తల్లి అడిగింది, దేవుడు విన్నాడు, వంతు చెల్లించాడు. షిరీన్ తల్లి ఉరి వేసుకుంది. అడగవలసిన మనిషిని కథే ముందుగా తప్పించేసింది.


ప్రశ్న అడిగినవారి జవాబు: లాసన్స్ బే

అందరికీ కృతజ్ఞతలు. భీమిలి మాస్టారు (మాస్టారనే పిలుస్తున్నాను, తప్పయితే మన్నించండి) గాంధారి మాట ఎత్తాక నా ప్రశ్నను నేనే కొంచెం మార్చుకోవలసి వచ్చింది. దేవుడు కనబడి సమాధానం చెప్పాలని నేను పట్టుబట్టాను. నిజానికి నాకు లోటుగా తోచింది అడిగే గొంతు. షిరీన్ తల్లి సెలీస్ ఉరి వేసుకుంది, స్టానిస్ చనిపోయాడు, మెలిసాండ్రే పొరపాటు ఒప్పుకుంది. డావోస్ ఒక్కడే ఆ పాప కోసం నిలబడి అడిగాడు, అడిగింది కూడా పూజారిణినే. ఎనిమిదో సీజన్‌లో మెలిసాండ్రే తిరిగి వచ్చినప్పుడు, యుద్ధం గెలిచాక, డావోస్ ఆమె వెనకాలే బయటికి వెళ్లి, ఆమె మంచులో నడిచిపోతుంటే మాట్లాడకుండా చూస్తూ నిలబడతాడు. ఆ దృశ్యంలో ఆయన ఆకాశం వైపు తలెత్తి ఒక్క మాట అడిగి ఉంటే, జవాబు రాకపోయినా, నేను తృప్తి పడి ఉండేవాణ్నేమో.

ఉక్కునగరం గారి చెట్టు వాదనను మా చెల్లెలికి వినిపించాను. ఆమె హోడోర్ మాట దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇంకొక సంగతి గుర్తు చేసింది. రెండో సీజన్ చివర, మాయాగృహంలో డెనెరిస్‌కు పైకప్పు కూలిన సింహాసన మండపం కనబడుతుంది, లోపల తెల్లగా ఏదో రాలుతూ ఉంటుంది, ఆమె సింహాసనం దాకా చేయి చాచి ముట్టకుండానే వెనుదిరుగుతుంది. చివరి ఎపిసోడ్‌లో అదే మండపం, అదే కూలిన కప్పు, రాలేది బూడిద. ఇది మాత్రం ఏడేళ్ల ముందు నాటి, 2012 నాటి బాకీని సరిగ్గా తీర్చింది. అంటే చేతకాక కాదు, ఆ దేవుడి దగ్గరికి వచ్చేసరికే మనసు పెట్టలేదని ఆమె తీర్పు.


సమాధానం: బురుజుపేట

మీ చెల్లెలు గారు చెప్పిన దృశ్యం మంచి ఉదాహరణే గానీ, దాన్ని చూపించింది ఏ దేవుడూ కాదు, ఖార్త్ నగరపు మాంత్రికులు. పైగా డెనెరిస్ ఆ కలలో సింహాసనాన్ని ముట్టకుండా వెళ్లింది, చివరి రోజు మాత్రం చేత్తో తాకింది, తాకిన కాసేపటికే జాన్ వచ్చి ఆమెను చంపాడు. ఆ తేడా గురించి ఏమనుకుంటున్నారో మీ చెల్లెలు గారినే ఇక్కడికి వచ్చి రాయమనండి.